రెండో పళ్ళెం

ఆ రోజు కూడా కోడలు రెండో పళ్ళెం వడ్డించుకుని తన గదిలోకి పోతోంది.

థెల్మా గిన్నెలు తోముతున్నట్టు నటిస్తూ ఓరకంట చూసింది. కొవ్వు తీసేసిన పంది మాంసం ముక్క, ఉడికించిన బంగాళాదుంపలు, మీద చిక్కటి పులుసు. అందులోని ఉల్లిపాయ ముక్కల్ని చెంచా కొసతో ఒక్కొక్కటే ఏరి తీసేసింది నోబుకో.

ఎవడో గానీ, వాడికి ఉల్లిపాయ సయించదు కాబోలు. ఎంత మురిపెం!

తలుపు మూసుకుంది. లోపల్నుంచి జపాను భాషలో మెల్లగా మాటలు. మధ్యలో చిన్న నవ్వు. కాసేపటికి ఖాళీ పళ్ళెం బయటికొస్తుంది, రోజూలాగే. తనతో బల్ల దగ్గర కూర్చున్నప్పుడు మాత్రం పిచ్చుకలా రెండు ముద్దలు కొరికి లేచిపోతుంది.

థెల్మాకి ఒళ్ళు మండిపోయింది. ఇక్కడ నెబ్రాస్కాలోనే బకెట్లో నీళ్ళు గడ్డకడుతున్నాయి. అక్కడ కొరియా కొండల్లో, యుద్ధంలో, తన కొడుకు వెండెల్ ఏ మంచుగుంటలో కూర్చుని డబ్బా కూడు తింటున్నాడో! అసలు తింటున్నాడో లేదో! వాకిట్లో కారు ఆగితే చాలు, టెలిగ్రాం తెచ్చారేమోనని కిటికీ దగ్గరికి పరిగెడుతోంది తను. వాడు జపాన్లో పెళ్ళాడి తెచ్చి, "నేనొచ్చేదాకా నోబుకోని నువ్వే చూసుకోవాలమ్మా" అని అప్పగించి పోయిన మనిషికేమో ఇంట్లో నవ్వులు!

పొద్దున పక్కింటి పెర్ల్ కంచె అవతలి నుంచి పిలిచింది.

"ఏమే థెల్మా, వెండెల్ వచ్చేశాడా?"

"లేదే. ఏం?"

"మీ కోడలి కిటికీలో మగాడి టోపీ కనిపిస్తేనూ! మరెవరిదే? పాలు పోసే ఆ ఓటోగాడికి టోపీ ఉంది కదూ?" కిసుక్కున నవ్వింది. "వాడొస్తే వంగి వంగి దణ్ణాలు పెడుతుందిగా మీ పిల్ల!"

"వాళ్ళు అందరికీ అలాగే వంగుతారులే. నాకూ పెడుతుంది."

"నీకు పెట్టడమూ, వాడికి పెట్టడమూ ఒకటేనా అమ్మా!"

అప్పట్నించీ ఆ మాట ముల్లులా గుచ్చుతూనే ఉంది. వెండెల్‌కి ఒకప్పుడు ఏది కావాలన్నా అమ్మే. ఇప్పుడు వాడి ఉత్తరం నిండా నోబుకోయే. నోబుకో సరిగ్గా తింటోందా, నోబుకోకి చలికోటు కొన్నావా! తల్లి మోకాళ్ళ నొప్పి సంగతి ఆఖర్న ఒక్క ముక్క. ఇంతా చేసి, వాణ్ణి తన చేతుల్లోంచి లాక్కున్న పిల్ల వాడికైనా దక్కుతోందా?

నోబుకో వచ్చిన కొత్తలోనే గట్టిగా చెప్పింది తను. "మీ మొక్కులూ, మీ ఆచారాలూ నా ఇంట్లో కుదరవమ్మాయ్." "సరే అత్తయ్యా" అని తల వంచింది. తలుపు మూసుకోవడం మొదలైంది కూడా అప్పట్నించే.

చేతులు తుడుచుకుని, అటక మీంచి నోబుకో పెట్టె దించి హాలు మధ్యలో పడేసింది థెల్మా. ఇవాళ తేలిపోవాలి. రేపు పొద్దున బస్సెక్కించడమే. వెండెల్‌కి తనే రాస్తుంది.

తలుపు దబదబా బాదింది.

"తియ్యి! ఎవడే లోపల?"

మాటలు ఆగిపోయాయి.

"కొంచెం ఆగండి అత్తయ్యా. ఇంకా తినడం కాలేదు."

"ఎవడు తినడం?"

థెల్మా భుజంతో ఒక్క తోపు తోసింది.

నేలమీద మోకాళ్ళపై కూర్చున్న నోబుకో అదిరిపడి, "దూరాన ఉన్న మనిషికి ఇక్కడ వడ్డిస్తే అక్కడ ఆకలెయ్యదంటారు అత్తయ్యా" అంటూ పక్కకి జరిగేసరికి, ఆవిర్లు కక్కుతున్న పళ్ళెం వెనకాల, తన టోపీ పక్కన, పసితనం నుంచీ ఉల్లిపాయ ముట్టని వెండెల్ ఫొటోలోంచి తల్లిని చూసి నవ్వుతున్నాడు.