చెయ్యి వేసేముందు

వరద వచ్చి సంచుల గోదాము గోడను పడగొట్టిన ఏడాది అది. సంచులు కుట్టే ఆవిడ మిషను మీదే ఒరిగిపోయింది. ఊపిరి ఆగింది. పదిమంది చుట్టూ చేరారు.

గుండె ఆగితే ఛాతీ నొక్కి ఆడించడం నేర్చుకున్నవాడు అక్కడి మిషన్లు బాగుచేసే మెకానిక్ ఒక్కడే. పక్కన కూలబడ్డాడు గానీ చేతులు ముందుకు రాలేదు.

“నొక్కవేం?” అరిచింది పక్క మిషను మీద కుట్టే ఆవిడ అత్త.

“ఆడమనిషి కదక్కా! నలుగురూ ఏమంటారు?”

“చచ్చాక మోసేది ఆ నలుగురేగా! అప్పుడు అడ్డురాని సిగ్గు ఇప్పుడెందుకు? నొక్కరా!”

నొక్కాడు. అంబులెన్సు వచ్చేసరికి ఆవిడ మూలిగింది. అందరూ భుజం తట్టారు. ఆ కాసేపు ఎందుకు ఆగానా అని అతనికి మాత్రం ఒళ్లు మండిపోయింది.

మర్నాడు పొద్దున్నే కుట్టు గది గుమ్మంలో నిలబడ్డాడు. “మీలో ఎవరు పడినా నొక్కుతాను. వద్దనేవాళ్లు ఇప్పుడే చెప్పండి.”

“పడ్డాక అడుగుతూ కూర్చోవుగా బాబాయ్?” అని కుట్టేవాళ్లంతా నవ్వారు.

అతను నవ్వలేదు. ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి మళ్లీ అడిగాడు.