పక్కన కూర్చోవాల్సిన పొయ్యి

"చెయ్యి తీయండమ్మా, కాలుతుంది!"

వెర్లీన్ చెయ్యి తీసి చూసుకుంది. అరచెయ్యి ఎర్రబడింది. ఎండలో కాగిన ఇనుప మూత మీద ఎంతసేపు పెట్టిందో ఆమెకే తెలియదు.

టెక్సస్‌లో జూన్ నెల. కొట్టు వెనకాల ఆరుబయట స్మోకర్లు, మాంసాన్ని పొగలో ఉడికించే ఇనుప పొయ్యిలు, వరసగా నిలబెట్టి ఉన్నాయి.

హెచ్చరించిన మనిషికి డెబ్బై ఏళ్ళుంటాయి. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. ఆమె ఎరిగిన మొహం కాదు.

"మీరు ఈ కొట్లో పనిచేస్తారా?"

"లేదమ్మా. మొదటిసారి కొంటున్నట్టున్నారు కదా అని..."

మొదటిసారే. రిటైరయ్యాక స్మోకర్ కొని పెరట్లో పెడతానని ఆమె భర్త డెల్బర్ట్ పదిహేనేళ్ళు అన్నాడు. మార్చిలో రిటైరయ్యాడు. ఆ నెలలోనే అతని ట్రక్కు పెద్ద రోడ్డు మీద తిరగబడింది.

అక్కడికక్కడే పోయాడని అందరూ అన్నారు. వెర్లీన్ అంతకుమించి అడగలేదు.

జులై నాలుగున, స్వాతంత్ర్య దినం పండక్కి, ఏటా అతని కంపెనీవాళ్ళు ఇంటికి వస్తారు. ఈసారి బ్రిస్కెట్, అదే గొడ్డు రొమ్ము మాంసం, తన చేత్తో పొగబెట్టి పెడతానని వాళ్ళకి మాటిచ్చాడు. చేయాల్సిన పనుల్లో అదొకటి మిగిలింది. అందుకే వచ్చింది.

"ఆ పెద్దది వద్దమ్మా," అన్నాడు ముసలాయన. "కౌంటీ మొత్తానికి పెళ్ళి భోజనం పెట్టేవాళ్ళకి తప్ప అది దండగ."

ఆమె నవ్వలేదు.

ఆయన ఇంకోదాన్ని వేలితో తట్టాడు. డబ్బా చప్పుడు వచ్చింది.

"విన్నారా? రేకు పలచన. కాస్త గాలి వీస్తే చల్లారిపోతుంది. మాంసం పొద్దున పెడితే మర్నాటికి కూడా ఉడకదు."

"నాకిది చాలు," అంటూ వెర్లీన్ కరెంటుతో నడిచేదాన్ని చూపించింది. చెక్క గుళికలు పోసి, మీట నొక్కి వెళ్ళిపోతే దాని పని అదే చూసుకుంటుంది.

"అది మంచిదే. కానీ..." ఆయన ఇంకో నాలుగడుగులు వేసి, మందపాటి నల్లటి స్మోకర్ ముందు ఆగాడు. కట్టెలు వేసే పెట్టె పక్కన వేరుగా ఉంది. "ఇది తీసుకోండమ్మా. ఓక్ కట్టెలు వేసుకుంటూ పొద్దంతా పక్కన కూర్చోవాలి. ఇదే కావాలని..."

ఆగిపోయాడు.

"ఎవరికి కావాలని?"

"అదే... చాలామంది ఇదే కావాలంటారు."

"పొయ్యి పక్కన పొద్దంతా కూర్చుని నేనేం చెయ్యను?"

"మాట్లాడుకోవచ్చమ్మా."

"ఎవరితో?"

ఆయన టోపీ అంచు రెండు చేతులతో నలుపుతున్నాడు.

"మీతో ఒక మాట చెప్పాలమ్మా. ఆ చెట్టు నీడకి వస్తారా? ఐదు నిమిషాలు."

వెర్లీన్‌కి విసుగొచ్చింది. మార్చి నుంచి ముక్కూ మొహం తెలియనివాళ్ళందరికీ ఆమెతో చెప్పాల్సిన మాటలే. దేవుడు చూస్తున్నాడనీ, కాలమే మాన్పుతుందనీ.

"చూడండి పెద్దాయనా. మా ఆయన ఉంటే నేను ఇలా దారినపోయే వాళ్ళ సలహాలు వినాల్సిన ఖర్మ పట్టేది కాదు. దయచేసి నన్నొదిలేయండి."

"అలాగేనమ్మా," అన్నాడాయన.

కరెంటు స్మోకర్‌ని కొట్టువాళ్ళు ఆమె బండిలోకి ఎక్కిస్తున్నప్పుడు కూడా ఆయన దూరంగా నిలబడే ఉన్నాడు. బండి కదులుతుంటే చెయ్యెత్తాడు. వెర్లీన్ అద్దంలో చూసి కూడా ఊరుకుంది.

జులై నాలుగు వచ్చింది. స్మోకర్ దాని పని అది చేసుకుపోయింది. డెల్బర్ట్ స్నేహితులు తొమ్మిదిమంది పెరట్లో కూర్చుని తిన్నారు.

"మొదటిసారికే ఇంత బాగా కుదిరిందంటే, డెల్బర్ట్ కుళ్ళుకునేవాడు వదినా," అన్నాడొకడు.

మిగతావాళ్ళు నవ్వబోయి మానేశారు.

వెర్లీన్ వంటింట్లో నిలబడి ఒక ముక్క నోట్లో పెట్టుకుంది. ఉప్పు తెలియలేదు. పొగ వాసనా తెలియలేదు. నమిలి మింగి, గిన్నెలు కడగడం మొదలుపెట్టింది.

నెలాఖరున షెరీఫ్ పోలీసు ఆఫీసు నుంచి డెప్యూటీ హోయెట్ మళ్ళీ ఫోన్ చేశాడు. ప్రమాదం తాలూకు కాగితాలు తీసుకెళ్ళమని అతను అడగడం అది నాలుగోసారి. వెర్లీన్ వెళ్ళింది.

"ఇక్కడో సంతకం వెర్లీన్ గారూ. ఇక్కడొకటి."

పెట్టింది.

"ఆ పెద్దాయన మిమ్మల్ని కలిశాడా?" అడిగాడు హోయెట్.

"ఏ పెద్దాయన?"

"ఆర్విల్ స్టబల్‌ఫీల్డ్. నీళ్ళ బోర్లు వేసేవాడు. మీ ఇల్లెక్కడని అడుగుతూ ఇక్కడికి మూడుసార్లు వచ్చాడు. మేం చెప్పకూడదు కదా, ఊళ్ళో కనిపిస్తే పలకరించమన్నాను. డెల్బర్ట్‌ని పూడ్చిననాడు సమాధి దగ్గరికి కూడా వచ్చాడు, అందరికంటే వెనక నిలబడ్డాడు."

"నాతో ఆయనకేం పని?"

"ఏదో చెప్పాలట. నాతో చెప్పవయ్యా, నేను చేరవేస్తానన్నాను. కాదు, ఆవిడకే చెప్పాలి, మాటిచ్చాను అన్నాడు."

"ఇప్పుడెక్కడుంటాడు?"

హోయెట్ చేతిలోని కలం బల్ల మీద పెట్టాడు.

"పోయిన మంగళవారం పోయాడండీ. గుండెపోటు. నా అనేవాళ్ళెవరూ లేరు. మేమే నలుగురం వెళ్ళి పూడ్చి వచ్చాం."

కాగితాల దొంతర ఆమె ముందుకు జరిపాడు. చివరి కాగితం మీద ఆర్విల్ డ్రైవింగ్ లైసెన్సు ఫోటో అతికించి ఉంది. టోపీ లేదు కానీ, కొట్టు వెనకాల ఎండలో నిలబడ్డ మొహం అదే.

వెర్లీన్ కళ్ళజోడు పెట్టుకుని, ఫోటో కింద హోయెట్ చేతిరాతలో ఉన్న వాక్యం చదివింది.

'ప్రమాద స్థలానికి మొదట చేరినవాడు. తిరగబడ్డ ట్రక్కులోకి పాకి వెళ్ళి, అంబులెన్స్ వచ్చేదాకా నలభై నిమిషాలు డెల్బర్ట్ చెయ్యి వదలకుండా, అతను చెప్పినవన్నీ వింటూ పక్కనే పడుకున్నాడు.'