రెండు వాక్యాలేగా!

మా ఏఐ ఏజెంటుకి వెతికే టూల్స్ రెండు. ఒకటి కొత్త మెషీన్ల మాన్యువల్స్‌లో వెతుకుతుంది, రెండోది పాతవాటి మాన్యువల్స్‌లో. ఏది వాడాలో ఏజెంటు వాటి వివరణ చదివే తేల్చుకుంటుంది. రెండింటి వివరణలోనూ బావ ఒకే ముక్క రాశాడు: "డాక్యుమెంట్లు వెతుకుతుంది." ఏజెంటు కొత్త మెషీను గురించి అడిగినా పాతవాటినే తవ్విపోసేది.

"నువ్వు సరిచెయ్యమ్మా. రెండు వాక్యాలేగా, ఎవరైనా రాస్తారు," అన్నాడు బావ. అక్క మొగుడే కాదు, ఆఫీసులో నా బాసు కూడా. నేను ఏది రాసినా తన పేరు మీదే పైకి పంపేవాడు.

ఈసారి ప్రాణం పెట్టి రాశాను. ఏది ఎప్పుడు వాడాలో, ఎప్పుడు ముట్టుకోకూడదో పసిపిల్లకి చెప్పినట్టు చెప్పాను.

మీటింగులో డైరెక్టరమ్మ ఏం అడిగినా ఏజెంటు తడుముకోలేదు.

"ఎవరు రాశారీ టూల్స్ వివరణలు?"

"నేనేనండీ," అన్నాడు బావ, నావైపు చూడకుండా.

"భలే రాశారు! ఇంకో టూల్ ఉంది. దానికీ ఇప్పుడే, నా ముందే రాయండి. నేర్చుకుంటాను."

నేను అంత బాగా రాసింది ఆవిడ నోట ఈ మాట రావాలనే.

బావ నావైపు వంగి, "ఏదో ఒకటి చెప్పు తల్లీ," అని గొణిగాడు.

"రెండు వాక్యాలేగా బావా," అన్నాను, అందరికీ వినబడేలా.