పూతకి పొగ

"ఏటి మావా, రోజూ తెల్లారకుండా ఆ తోటలోకే ఎల్తన్నావ్?"

గడ్డిమోపు భుజాన వేసుకున్న సన్నిబాబు పక్కతోట గట్టు మీదే ఆగిపోయాడు. వెనకాలే వచ్చిన పెళ్లాం నూకరత్నం కళ్లలో నిప్పులు. సబ్బవరం మామిడితోటల మీద మంచు దట్టంగా దిగి ఉంది.

"మంచుకి పూత మాడిపోద్దని పొగ ఏత్తన్నానే."

"ఎవరి పూతకి? నీ సొక్కా నిండా పొగ కంపు, మన తోటలో పిడికెడు బూడిద లేదు. మొగుడు పోయిందాని తోటకి కాపలా నువ్వా?"

అతన్ని తోసుకుని ఆమె విసవిసా లోపలికి నడిచింది.

చెట్ల కింద ఆ తోటావిడ వరహాలమ్మ మంట మీద తడిగడ్డి కప్పుతోంది. లేచిన పొగ కొండగాలికి వంగి, గట్టు దాటి, నేరుగా నూకరత్నం చెట్ల మీదే పరుచుకుంటోంది.

"మీ తోటలో ఏత్తే పొగంతా రోడ్డు మీదకి పోతందమ్మా," అంది వరహాలమ్మ కళ్లు తుడుచుకుంటూ. "అందుకే ఇక్కడ ఎయ్యమన్నాను."

నూకరత్నం తలెత్తి చూసింది. మంట పక్కనున్న రెండు చెట్ల పూత సెగకి నల్లగా కమిలిపోయింది.

"నీ పూత కాలిపోతంది కదప్పా!"

"నాయి పోయేవి రెండు సెట్లే. పొగ లేపోతే మీకు తోటంతా పోద్ది."

నూకరత్నం కమిలిన పూత వైపు మళ్లీ చూసింది. తనైతే ఈ పని చేసి ఉండేది కాదు. అది తెలిశాక అసూయ పోలేదు, ఇంకా లోపలికి దిగి గుచ్చుకుంది.

వెనకాలే వచ్చిన మొగుడి భుజం మీది గడ్డిమోపు లాక్కుంది.

"రేపట్నించి అప్పకి సాయం నానొత్తాను. నువ్వు ఇంటికాడ తొంగో!"