చేపలమ్మ ధ్యానం

ఫ్రీజర్లో, బఠానీల ప్యాకెట్ పక్కన, చచ్చిన చేప కళ్ళు తెరుచుకుని పడుకుంది.

"ఇది ఇల్లా, మార్చురీయా?" అన్నాడు మొగుడు.

"నమూనా. సోమవారం చెరువు మీద విచారణ ఉంది," అంది ఆవిడ. ఆవిడది నీళ్ళు పరీక్షించే ల్యాబ్‌లో ఉద్యోగం.

అపార్ట్‌మెంట్ వెనక చెరువులో ఇరవై రోజులుగా చేపలు చచ్చి తేలుతున్నాయి. అపార్ట్‌మెంట్ మురుగంతా ట్యాంకర్‌లోకి ఎత్తించి ఆ చెరువులో పోయిస్తున్నది బావగారు. అంటే మొగుడి అన్న. అసోసియేషన్ ప్రెసిడెంట్ కూడా ఆయనే.

ఆవిడకి నిద్ర పట్టడం మానేసింది. కంచం ముందు కూర్చుంటే ఏడుపొస్తోంది.

చెరువుని బాగుచేయడం కన్నా ఆవిణ్ణి బాగుచేయడం తేలికని ఇంటిల్లిపాదీ తేల్చారు. ఆదివారం బౌద్ధ ధ్యానం క్లాసులో చేర్చారు.

హాలు ఇప్పించింది బావగారే. ఆయనా వచ్చారు. హాజరు పుస్తకంలో చూడకుండానే సంతకం గీకారు. ప్రెసిడెంటయ్యాక ఆయన చదవడం మానేసి సంతకాలే పెడుతున్నారు.

"ఏమ్మా చేపలమ్మా! మనశ్శాంతి మన చేతుల్లోనే ఉంటుంది," అంటూ అందరికన్నా మెత్తటి దిండు లాక్కున్నారు.

గురువుగారు కళ్ళు మూసుకోమన్నారు.

"మిమ్మల్ని బాగా బాధపెట్టిన మనిషిని తలుచుకోండి. వాళ్ళు సుఖంగా ఉండాలి అనుకోండి."

హాల్లో సగంమంది ఒంటికన్ను తెరిచి పక్క ఫ్లాటువాళ్ళని చూశారు.

'బావగారు...' అనుకుంది ఆవిడ. పళ్ళు బిగుసుకున్నాయి. 'బావగారు...'

మిగతాది రాలేదు.

కిటికీలోంచి చెరువు కంపు కొట్టింది. ఎవరో లేచి కిటికీ మూశారు. బావగారు గాఢంగా ఊపిరి పీల్చుకున్నారు.

ఇంటికొచ్చి ఫ్రీజర్ తెరిచింది. బఠానీలే ఉన్నాయి.

"పారేశాను," అన్నాడు మొగుడు, టీవీ మీంచి కళ్ళు తిప్పకుండా. "అన్నయ్య చెప్పాడు. సొంతవాళ్ళ మీద పితూరీలు చెప్పడానికి సిగ్గుండాలి. అయినా బఠానీలు తీసినప్పుడల్లా దాని మొహం ఎవడు చూస్తాడు?"

"ఎక్కడ పారేశారు?"

"ఎక్కడేంటి, చెరువులోనే."

ఆవిడ, గురువుగారు చెప్పినట్టే, పది ఊపిర్లు లెక్కపెట్టింది.

"చూశావా, కోపం రాలేదు!" మొగుడు మురిసిపోయాడు. "ఒక్క క్లాసుకే!"

సోమవారం పొద్దున ల్యాబ్‌లో ఫ్రిజ్ తెరిచింది.

వాళ్ళ పద్ధతిలో ఏ నమూనా అయినా రెండు తీస్తారు. రెండూ ఒకేచోట దాచరు.

రెండో చేప డబ్బాలో, వేసిన సీలు వేసినట్టే ఉంది. 'మురుగు కలిసిన చోట దొరికింది' అని చీటీ. కింద సాక్షి సంతకం.

చేపలు తీసిన రోజు పొద్దున గట్టు మీద సాక్షి కోసం వెతికితే, వాకింగ్‌కొచ్చిన బావగారొక్కరే దొరికారు. "ఎక్కడమ్మా పెట్టాలి?" అని మాత్రం అడిగారు.

ఆవిడ కళ్ళు మూసుకుంది.

'బావగారు సుఖంగా ఉండాలి.'

ఈసారి మొత్తం వచ్చింది.