పడుగు వెంట అడుగులు

గుండె ఆపరేషనైన ప్రతివాళ్ల చీలమండకీ ఆస్పత్రి పట్టీ ఉండే రోజులవి. చెమటను బట్టి కిడ్నీల సంగతి కూడా అది పసిగట్టేది. రోజుకి ఆరువేల అడుగులు పడకపోతే ఆస్పత్రి నుంచి కోచ్ షాహీన్ ఫోన్ చేసేది.

నేతపని చేసే భావనారాయణకి ఆ ఫోనంటే ఒళ్లు మండేది. గుంటమగ్గంలో కూర్చుని పొద్దస్తమానం రెండు కాళ్లతో తొక్కినా, ఆ పట్టీ దాన్ని నడక కింద లెక్కెయ్యదు. అందుకే నెల కిందట దాన్ని విప్పి, వీధి పొడవునా సాచిన పడుగు దారాలు సరిచేస్తూ ఆ చివరికీ ఈ చివరికీ తిరిగే భార్య నాంచారమ్మ కాలికి కట్టేశాడు. ఆనాటి నుంచి షాహీన్ ఫోన్ లేదు. అయినా ఎక్కడ ఫోన్ మోగినా అతను మగ్గం ఆపి చెవి ఒగ్గేవాడు.

ఇవాళ మోగనే మోగింది.

"గుండె భేషుగ్గా ఉంది బాబాయ్," అంది షాహీన్. "కిడ్నీలే బాగా దెబ్బతింటున్నాయి. నడక ఆపేసి వెంటనే బయల్దేరి రండి. కాళ్లేమైనా వాచాయా?"

భావనారాయణ గుంటలోని తన కాళ్లకేసి చూసుకున్నాడు. ఎండుకట్టెల్లా ఉన్నాయి. బిగుస్తోందని మొన్న నాంచారమ్మ అంటే, పట్టీని రెండు బెజ్జాలు వదులు చేసింది తనే.

"వాచాయమ్మా," అన్నాడు. "నావి కాదు."

గుంటలోంచి ఎలా లేచాడో, వీధిలోకొచ్చి పడ్డాడు. "ఇక నడవమాకే, ఇట్రా."

పడుగు చివరనున్న నాంచారమ్మ తిరిగి కూడా చూడలేదు. "ఉండయ్యా, నీకింకా నాలుగొందల అడుగులు తక్కువున్నయ్యి."