తలుపు పక్కన మనిషి

యార్క్‌షైర్‌లో మేం అమ్మేసిన పాత పశువుల కొట్టాన్ని, కొన్నాయన ఇల్లుగా మార్చేముందు ఫొటోలు తీసి రికార్డు చెయ్యాలట. అందుకు ఇమొజెన్ అనే పెద్ద చదువుల పిల్ల దిగింది.

"ఇక్కడ గుర్రాలు కట్టేవాళ్లా?" అంది.

"ఆవుల్ని, అమ్మాయ్. ఆ మాట ఆవునడిగినా చెబుతుంది."

రాసుకుంది. కాసేపటికి, "మెట్‌కాఫ్ గారూ, ఆ తలుపు పక్కన నిలబడతారా?" అంది.

నలభై ఏళ్లు ఇక్కడ పాలు పితికినవాడి విలువ ఇన్నాళ్లకు ఒకరికి తెలిసిందనుకున్నాను. టోపీ తీసి, తల దువ్వుకుని నిలబడ్డాను.

నిన్న రిపోర్టు వచ్చింది. నా ఫొటో కింద పేరు లేదు. "తలుపు ఎత్తు తెలియడానికి ఒక మనిషి, ఆరడుగులు" అని ఉంది.

నేను అయిదున్నర అడుగులే. అడిగితే కదా.

కొట్టం కొనుక్కున్నాయన ఆ లెక్క పట్టుకునే ఆ గుమ్మానికి కొత్త తలుపు చేయిస్తున్నాడు. చేయించుకోనీ.